కోట్లున్నా కుదరని వైద్యం

ఇంటర్వ్యూకి బయల్దేరాక గ్యాస్ కట్టేశామా లేదా అని ఒకసారి వెనక్కెళ్లి చూస్తాం. మామూలే. ఇరవైసార్లు వెళ్లాల్సి వస్తే? బస్సు పోతుంది, ఇంటర్వ్యూ పోతుంది. అలా జీవితమే పోగొట్టుకున్న ఓ ఇంజినీరింగ్ పిచ్చోడి కథ ఇది. డికాప్రియో నటించిన ‘ది ఏవియేటర్’ చూసుంటే హోవార్డ్ హ్యూస్ పేరు మీకు గుర్తుండే ఉంటుంది.

1905లో పుట్టాడు. తల్లికి రోగాలంటే విపరీతమైన భయం, రోజూ పిల్లాడి ఒళ్లంతా పరీక్షించేది. ఇరవై ఏళ్లు నిండకముందే తల్లీ తండ్రీ పోయారు. చమురు బావులు తవ్వే పరికరాలు చేసే తండ్రి కంపెనీ చేతికొచ్చింది. ఇక మనోడు ఆగలేదు. సినిమాలు తీశాడు. 1935లో తన హెచ్-1 విమానాన్ని తానే నడిపి గంటకు 567 కిలోమీటర్ల రికార్డు కొట్టాడు. గాలికి అడ్డు తగలకుండా దాని రివెట్ల తలలన్నీ రేకుతో సమానంగా ఉండేలా చేయించాడు (ఆ ఫొటోలు చూస్తూ నేనో పూట గడిపేశాను). 1938లో 91 గంటల్లో భూమిని చుట్టొచ్చాడు. 1966 జూన్‌లో చంద్రుడిపై దిగిన సర్వేయర్-1ని తయారుచేసింది హ్యూస్ కంపెనీయే.

అదే ఏడాది నవంబరులో లాస్ వేగస్‌లో ఓ హోటల్ తొమ్మిదో అంతస్తులో చేరి, నాలుగేళ్లపాటు అక్కడే ఉండిపోయాడు. కాగితపు రుమాలు అడ్డుపెట్టకుండా వస్తువులు ముట్టేవాడు కాదు. పండ్ల డబ్బా ఎలా తెరవాలో తొమ్మిది దశలతో మూడు పేజీల సూచనలు రాయించాడు. సహాయకులు చెప్పింది చెప్పినట్టు చేశారు. వాళ్లకి జీతం అందుకే మరి. ఓసీడీకి అదే ఎరువు. భయం వేసిన ప్రతిసారీ తంతు జరిగిపోతే, ఆ తంతు వల్లే బతికామని మెదడు నమ్మేస్తుంది. 1946 నాటి విమాన ప్రమాదం తర్వాత నొప్పి మందులకీ అలవాటుపడ్డాడు. 1976లో చనిపోయేనాటికి ఎముకల గూడు. శవాన్ని వేలిముద్రలతో గుర్తించారు.

ఇక్కడ తేదీలు చూడండి. హ్యూస్ పుట్టిన 1905లోనే బోస్టన్‌లో డాక్టర్ జోసెఫ్ ప్రాట్ పేద క్షయరోగుల్ని ఒక గదిలో కూర్చోబెట్టి క్లాసులు మొదలుపెట్టాడు. గ్రూప్ థెరపీకి అదే తొలి అడుగు అంటారు. హ్యూస్ హోటల్‌లో దాక్కున్న 1966లోనే లండన్‌లో విక్టర్ మేయర్ ఇద్దరు రోగుల్ని వాళ్ల తంతులు చేయనీయకుండా ఆపి, భయం దానంతటదే తగ్గుతుందని చూపించాడు. ఇద్దరూ మహిళలే. ఈ రెండూ హ్యూస్ దాకా రాలేదు. వద్దు అని చెప్పే మనిషే ఆ గదిలో లేడు.

మాది కొత్తపేట వైపు. అమలాపురం, రాజోలు, ఎక్కడైనా మీకూ ఇలాంటి పెద్దమ్మో పిన్నో ఉండే ఉంటుంది. తోమిన గిన్నెలే మళ్లీ తోముతుంది. ఊరెళ్లి వచ్చినవాళ్లు కాళ్లు కడుక్కుంటే చాలదు, సంచీ కూడా కడగాలి. మడి అంటాం, చాదస్తం అంటాం, వెనక నవ్వుకుంటాం. మడి అయితే వంట కాగానే అయిపోతుంది. ఇది అవదు. చేతులు పగిలి మంట పుడుతున్నా ఆవిడ ఆపలేదు. గొడవెందుకని మనం కూడా సంచీ కడిగేస్తాం. హ్యూస్ సహాయకులు చేసిందీ అదే కదా!

గ్రూప్‌లో ఏం చేస్తారంటారా? ఎనిమిది పదిమంది, ఒక సైకాలజిస్ట్. తలుపు గడియ ముట్టుకుని చేతులు కడక్కుండా కూర్చుంటారు. భయం పెరుగుతుంది, మెల్లగా దిగుతుంది. పక్కావిడ చేతులూ వణకడం కనిపిస్తుంది. ఆడవాళ్లకి విడిగా ఉంటే ఇంకో లాభం. పసిబిడ్డకి తానే హాని చేసేస్తానేమో అన్న ఆలోచన కొందరు బాలింతల్ని పీడిస్తుంది. అది కోరిక కాదు, జబ్బు. ఆ ఆలోచనకి అందరికంటే ఎక్కువ హడలిపోయేది ఆ తల్లే. దాన్ని మగవాళ్ల ముందు ఎలా చెప్పుకుంటుంది? నాకూ అంతే అనే మరో తల్లి ఎదురుగా ఉంటే చెప్తుంది.

ఓసీడీకి మందులూ ఉన్నాయి. టెలీ మానస్ నంబరు 14416, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. పిన్ని కోసమే కాదు, గ్యాస్ దగ్గరికి ఇరవైసార్లు వెళ్లేది మీరే అయినా చేయండి. దగ్గర్లో గ్రూప్ ఏదైనా నడుస్తోందా అని కూడా అడగండి.