తాతయ్య మాత్ర వెనక ఉన్న మనిషి

మొన్న సెలవుల్లో మా తాతయ్యకి ప్రోస్టేట్ క్యాన్సర్ అని తేలింది. తొమ్మిదేళ్ళుగా అమ్మమ్మ ఇచ్చిన కిడ్నీతో ఉన్నారాయన. ఆ కిడ్నీని ఒళ్ళు తిప్పికొట్టకుండా రోజూ వేసుకునే మందుల్లో అజాథయోప్రిన్ ఒకటి. దాని గురించి ఫోన్‌లో చదివి, ఇది క్యాన్సర్ తెస్తుందట అని ఆయన ముందే నోరు జారాను. రెండు రోజులు తాతయ్య ఆ మాత్ర దిండు కింద దాచేశారు. అమ్మమ్మ కనిపెట్టి పెద్ద గొడవ చేసింది. కిడ్నీ ఆవిడది కదా మరి!

తప్పు నాదే కాబట్టి ఈసారి సరిగ్గా చదివాను. అలా దొరికింది గెర్ట్రూడ్ ఎలియన్. నోబెల్ వచ్చిన మనిషే, నాకు మాత్రం పేరు కూడా తెలీదు.

1918లో న్యూయార్క్‌లో పుట్టింది. నాన్న లిథువేనియా నుంచి వలస వచ్చిన డెంటిస్ట్. 1929లో షేర్ మార్కెట్ కూలి ఆయన డబ్బంతా పోయింది. ఎలియన్‌కి పదిహేనేళ్ళప్పుడు, ప్రాణంగా చూసుకునే తాతయ్య కడుపు క్యాన్సర్‌తో పోయారు. ఆ జబ్బుకి మందు కనిపెట్టాలనే కెమిస్ట్రీ తీసుకుంది. హంటర్ కాలేజీలో ఫీజు లేదు కాబట్టి చదవగలిగింది. 1937లో డిగ్రీ అయ్యేసరికి పందొమ్మిదేళ్ళు. అంటే నా వయసు. నేను ఇంకా డేటా స్ట్రక్చర్స్ బ్యాక్‌లాగ్ దగ్గరే ఉన్నాను.

ఉద్యోగం ఎవరూ ఇవ్వలేదు. ల్యాబ్‌లో ఆడపిల్ల ఉంటే మగవాళ్ళ ధ్యాస చెదురుతుందని ఒకచోట చెప్పి పంపేశారట. కొన్నాళ్ళు జీతం లేకుండా ఒక ల్యాబ్‌లో పనిచేసింది. పగలు స్కూల్లో పాఠాలు చెప్పి, రాత్రుళ్ళు ఎమ్మెస్సీ ప్రయోగాలు చేసుకుంది. ఒక కిరాణా కంపెనీలో ఊరగాయల పులుపు కూడా పరీక్షించింది. పెళ్ళాడాల్సిన అబ్బాయి గుండెకి ఇన్ఫెక్షన్ సోకి చనిపోయాడు, పెన్సిలిన్ ఇంకా జనానికి అందని రోజులవి. ఆ తర్వాత ఆమె పెళ్ళి మాటే ఎత్తలేదు.

1944లో బరోస్ వెల్‌కమ్ కంపెనీలో జార్జ్ హిచింగ్స్ దగ్గర చేరింది. వాళ్ళ ఐడియా మనవాళ్ళకి ఇట్టే అర్థమవుతుంది. కణం రెండుగా చీలాలంటే ముందు డీఎన్ఏని కాపీ చేసుకోవాలి. ఆ కాపీకి కావాల్సిన ముక్కలాగే కనిపించే నకిలీ ముక్కని అందిస్తే పని ఆగిపోతుంది. అలా తయారైన 6-మెర్కాప్టోప్యూరిన్‌కి 1953లో పిల్లల బ్లడ్ క్యాన్సర్‌కి వాడటానికి అనుమతి వచ్చింది. (ఆ జబ్బుకి అంతకుముందే వచ్చిన కొద్ది మందుల్లో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం చేసినవీ ఉన్నాయి.) పీహెచ్‌డీ కావాలంటే ఉద్యోగం మానమన్నారు. ఆమె పీహెచ్‌డీ మానేసింది.

ఈ మందు రోగనిరోధక కణాల్ని కూడా పెరగనివ్వదు. అది గమనించిన డాక్టర్లు దాన్ని కిడ్నీ మార్పిడికి వాడి చూశారు. ఎలియన్, హిచింగ్స్ దాన్నే కొంచెం మార్చి అజాథయోప్రిన్ చేసిచ్చారు. బ్రిటిష్ సర్జన్ రాయ్ కాన్ కుక్కల మీద పరీక్షించాడు. 1954లో బోస్టన్‌లో జోసెఫ్ మర్రే పెట్టిన కిడ్నీ పనిచేసిందంటే ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ అచ్చంగా ఒకేలాంటి కవలలు కాబట్టే. 1962లో మాత్రం ఈ మందుతో, ఏ సంబంధమూ లేని మనిషి కిడ్నీ ఏడాదికి పైగా పనిచేసింది. తాతయ్య, అమ్మమ్మలది మేనరికం కూడా కాదు. ఈ మందులు లేకపోతే ఆవిడ కిడ్నీ ఆయనకి పనికొచ్చేదే కాదు.

నేను ఫోన్‌లో చదివింది పూర్తిగా అబద్ధం కాదు. రోగనిరోధక శక్తి తగ్గితే చర్మ క్యాన్సర్, లింఫోమా ఎక్కువగా వస్తాయి. క్యాన్సర్ మీద పగతో బయల్దేరిన మనిషి చేసిన మందుకి ఈ మచ్చ ఉంది. కానీ ప్రోస్టేట్ సంగతి వేరని డాక్టర్ గారు ఓపిగ్గా చెప్పారు. కిడ్నీ మార్చుకున్న మగవాళ్ళలో అది మిగతావాళ్ళకన్నా అంతగా పెరిగినట్టు కనబడలేదట. అది ముఖ్యంగా వయసుతో వచ్చేది. చిక్కల్లా చోటుతోనే. కొత్త కిడ్నీని పొత్తికడుపులో ఒక పక్కన పెడతారు, ప్రోస్టేట్ దానికి దగ్గర్లోనే ఉంటుంది. ఆపరేషన్ చేసినా రేడియేషన్ ఇచ్చినా కిడ్నీకీ దాని మూత్రనాళానికీ దెబ్బ తగలకూడదు. ముందు హార్మోన్ ఇంజెక్షన్లు ఇచ్చి, తర్వాత జాగ్రత్తగా లెక్కగట్టి రేడియేషన్ ఇద్దామన్నారు. అజాథయోప్రిన్ వాళ్ళు చెప్పకుండా ఆపొద్దన్నారు.

ఇదంతా తాతయ్యకి ఒక రాత్రి కూర్చుని చెప్పాను. 1988లో నోబెల్ వచ్చిందనీ, 1999లో 81 ఏళ్ళకి పోయిందనీ కూడా. ఆయన అన్నీ విని, ఆ అమ్మాయి పీహెచ్‌డీ చివరికి పూర్తి చేసిందా అని అడిగారు. లేదు, యూనివర్సిటీలే పిలిచి గౌరవ డాక్టరేట్లు ఇచ్చాయన్నాను. ఊఁ కొట్టి, నీళ్ళ గ్లాసు ఇటివ్వమన్నారు. దిండు కింద నేను ముందే వెతికేశాను, ఏం లేదు.