పేరు కోరని వైద్యుడు: యల్లాప్రగడ సుబ్బారావుగారు



జనగామలో గాని, మహబూబాబాదులో గాని, భూపాలపల్లి అడవి పల్లెలలో గాని, గర్భవతియైన స్త్రీకి ఆశా కార్యకర్త ఎఱ్ఱని మాత్రలు ఇచ్చుట మీరు చూచియుందురు. ఆ మాత్రలో ఇనుముతోపాటు ఫోలిక్ ఆమ్లమను పదార్థమున్నది. రక్తము వృద్ధియగుటకును, గర్భమందలి శిశువు వెన్ను సరిగా ఏర్పడుటకును అది అవసరము. తల్లిదండ్రులనుండి బిడ్డలకు వచ్చు సికిల్ సెల్ అను రక్తవ్యాధి గలవారికిని వైద్యులు దానిని ఇచ్చుచున్నారు. ఈ పదార్థమును ప్రయోగశాలలో తయారుచేసిన బృందమును నడిపించినవాడు ఒక తెలుగువాడు. ఈ నెల ఆయన జీవితమును మీ ముందుంచుచున్నాము.

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరములో జన్మించిరి. ఇంట బీదరికము. మెట్రిక్యులేషను పరీక్ష మూడవసారికి గాని దాటలేదు. పిమ్మట మదరాసు వైద్య కళాశాలలో చేరిరి. గాంధీగారి పిలుపు విని ఖద్దరు ధరించినందున ఆంగ్లేయుడైన ఆచార్యునికి ఆగ్రహము కలిగెను. అందుచేత ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే దక్కెను.

ఇంతకంటె పెద్ద దెబ్బ ఇంటిలోనే తగిలెను. ఆయన సోదరులిద్దరు కొద్ది కాలములోనే స్ప్రూ అను వ్యాధిచేత మరణించిరి. తిన్నది ఒంటబట్టక, రక్తము క్షీణించి, మనిషి ఎండిపోవు వ్యాధి అది. వైద్యము చదివియు వారిని కాపాడలేకపోయిరి. ఆ దుఃఖమును ఆయన మరువలేదు.

1922లో భార్య శేషగిరిగారిని ఇంట విడిచి, మామగారి సహాయముతోను కాకినాడలోని ఒక ధర్మసంస్థ సహాయముతోను అమెరికాలోని బోస్టను చేరిరి. పగలు చదువు. రాత్రి ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు ఎత్తు పని. ఆ పనికి ఆయన సిగ్గుపడలేదు.

హార్వర్డు విశ్వవిద్యాలయములో ఫిస్కే అను ఆచార్యునితో కలిసి, రక్తమందలి భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. మన కండరములు ఏ పదార్థముల బలముచేత పనిచేయునో శోధించి, 1927లో ఫాస్ఫోక్రియేటిన్‌ను, 1929లో ఏ.టి.పి.ని వెల్లడించిరి. ఇంత చేసినను ఆయనకక్కడ స్థిరమైన ఉద్యోగము దొరకలేదు. 1940లో లెడర్లీ అను మందుల సంస్థకు వెళ్లి, అక్కడి పరిశోధనలకు పెద్ద అయిరి.

అక్కడనే 1945లో ఆయన బృందము ఫోలిక్ ఆమ్లమును తయారుచేసెను. స్ప్రూ రోగులు దానివలన కోలుకొనిరి. సోదరులను తీసికొనిపోయిన వ్యాధికి మందు దొరికెను. అయితే వారు పోయి అప్పటికే ఇరువది ఏండ్లు దాటెను.

ఫోలిక్ ఆమ్లమును పోలి, దాని పనిని అడ్డగించు మందులను కూడ ఆ బృందము చేసెను. వాటిలో ఒకదానితో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు రక్త క్యాన్సరు గల పిల్లలకు కొంతకాలము ఉపశమనము కలిగించి, ఆ సంగతిని 1948లో ప్రకటించెను. ఆ జాతికి చెందిన మెథోట్రెక్సేటును నేటికిని వాడుచున్నారు. తెలంగాణ పల్లెలలో బోదకాలు రాకుండ ఇంటింటికి పంచిన డి.ఇ.సి. మాత్రయు 1947లో ఆ బృందము వెలికితెచ్చిన మందే.

ఆయన తన పేరును చాటుకొనలేదు. 1948 ఆగస్టులో ఒక రాత్రి నిద్రలోనే గుండె ఆగి మరణించిరి. వయస్సు 53 ఏండ్లు. బయలుదేరిన తరువాత స్వదేశమునకు మరల రానేలేదు. శేషగిరిగారు ఇరువదియారేండ్లు ఎదురుచూచిరి. ఒక్క కుమారుడు పసితనముననే పోయెను. ఆయన త్యాగమును పొగడునపుడు, ఆమె మోసిన భారమును మరచుట న్యాయము కాదని మాకు తోచుచున్నది.

చేసిన మేలును వీధిలో చాటించుకొనరాదని మనము ప్రతి సంవత్సరము ప్రసంగములలో వినుచున్నాము. విని ఇంటికి పోయి మరచుచున్నాము. దుఃఖము వచ్చినపుడు కొందరు తలుపు మూసికొందురు. ఈయన ఇతరులకు తలుపు తెరచిరి.

సోదరీలారా, వికారమని, చేదని ఆ ఎఱ్ఱ మాత్రలను చూరులో దోపి విడువకుడి. ఇబ్బందియున్న యెడల నర్సమ్మతో చెప్పి, ఆమె చెప్పినట్లు వాడుడి. తన సోదరులకు అందని మేలును సుబ్బారావుగారు మీ బిడ్డలకు అందనిచ్చిరి.