ఆకు పేరు పెట్టుకున్న మందు – డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు

క్రిందటి వర్షాకాలంలో నాకు వైరల్ జ్వరం వచ్చింది. జ్వరం అయిదు రోజుల్లో తగ్గింది గాని కడుపు మూడు వారాలైనా కుదుటపడలేదు. తిన్నది ఇమడదు, నోరంతా పూత, నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. డాక్టరు గారు జావ, మజ్జిగన్నం, మెత్తగా ఉడికిన పెసరపప్పు తినమని చెప్పి, రోజుకొక చిన్న పసుపుపచ్చ బిళ్ళ రాసిచ్చారు. ఇటువంటి జ్వరాల్లో చాలావాటికి సూటిగా పనిచేసే మందు లేదట, పేగు కోలుకుంటే మనిషి కోలుకుంటాడట. ఆ బిళ్ళ పేరు చూస్తే ఫోలిక్ ఆమ్లం. దాన్ని ప్రయోగశాలలో తయారు చేయించినది మన భీమవరం ఆయనే గదా అని గుర్తుకొచ్చింది. ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శి గారు అడిగితే ఇదే రాద్దామనుకున్నాను.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం గారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఆరోగ్యం చెడి ముందుగానే ఉద్యోగం విరమించుకున్నారు. మనలో రెవెన్యూ వారికి ఆ ఇంటి పరిస్థితి విడమరిచి చెప్పనక్కరలేదు. తల్లి వెంకమ్మ గారి పట్టుదల మీదే పిల్లల చదువు నడిచింది. కుర్రవాడికి మాత్రం చదువు మీద ధ్యాస లేదు. కాశీ వెళ్ళి యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి ధనవంతుడిని కావాలని పదమూడేళ్ళ వయసులో ఇల్లు వదిలి పారిపోతే వెతికి పట్టుకొచ్చారు. రాజమండ్రిలో చదివి, చివరకు మద్రాసులో మూడో ప్రయత్నంలో మెట్రిక్ గట్టెక్కారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టి దొర ప్రొఫెసరు కోపానికి గురయ్యారు. అందుకు ఫలితంగా ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. చేతికి వచ్చింది.

ఇంతలో ఇంటి మీద పిడుగు పడింది. సోదరులిద్దరు కొద్ది రోజుల తేడాలో సంగ్రహణితో పోయారు. ఇంగ్లీషు వైద్యులు దానిని స్ప్రూ అంటారు. నాలుక పూసి ఎర్రబడుతుంది, నురుగు విరేచనాలు అవుతాయి, తిన్నది ఒంటికి పట్టదు, రక్తం తగ్గి మనిషి ఎముకల గూడవుతాడు. తర్వాత అదే జబ్బు సుబ్బారావు గారికీ వచ్చింది. తాను నేర్చుకున్న వైద్యంలో దానికి మందు లేదు. ఆయనను బ్రతికించినది ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్స. స్వాతంత్ర్య సమరయోధురాలు రుక్మిణమ్మ గారి భర్త ఆయన. ఇంగ్లీషు వైద్యం చదివి ఆయుర్వేదానికి వచ్చినవారు. ఆయుర్వేదంలో గ్రహణికి మజ్జిగే ముఖ్యమైన పథ్యం. ఆ తర్వాత సుబ్బారావు గారు మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు.

అప్పటికే అనపర్తి వారి అమ్మాయి శేషగిరి గారితో వివాహమైంది. అమెరికా ప్రయాణానికి మామగారు డబ్బు సమకూర్చారు, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ వారు సాయం చేస్తామన్నారు. 1922 అక్టోబరు 26న బోస్టన్‌లో దిగారు. భార్యను మళ్ళీ చూడలేదు, మాతృదేశానికి తిరిగి రానేలేదు. ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు ఆ ఇల్లాలి వైపే మనసు పోతుంది.

హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల చదువు, రాత్రిళ్ళు ఆసుపత్రిలో కూలి పని. ఫిస్క్ అనే ఆచార్యునితో కలిసి 1925లో రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి, 1927లో కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఎ.టి.పి. కనుగొన్నారు. ఇంత చేసినా స్థిరమైన పదవి దొరకలేదు. ప్రమోషన్ల సంగతి తెలిసిన మనకిది వింత కాదు. 1940లో లెడర్లీ మందుల కంపెనీకి వెళ్ళి పరిశోధనా విభాగానికి అధిపతి అయ్యారు.

అప్పటికి స్ప్రూకు కాలేయ సారం ఇస్తే గుణం కనిపిస్తుందని తెలుసు. మన దేశంలోనే లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయి మిల్లుల్లో పనిచేసే గర్భిణీ స్త్రీల రక్తహీనతను ఈస్టు సారంతో మాన్పి 1931లో ప్రకటించింది. ఆ సారంలో ఉన్నదేమిటో 1941లో టెక్సాస్ వారు పాలకూర నుంచి వేరు చేసి, లాటిన్‌లో ఆకును ఫోలియం అంటారు గనుక ఫోలిక్ ఆమ్లమన్నారు. టన్నుల కొద్దీ ఆకు వండినా దొరికేది చిటికెడు. సుబ్బారావు గారి బృందం 1945లో దానిని రసాయనికంగా తయారు చేసింది. వెంటనే టామ్ స్పైస్ అనే డాక్టరు క్యూబా మొదలైన చోట్ల స్ప్రూ రోగులకు ఇచ్చి చూశాడు. నాలుక మానింది, ఆకలి పుట్టింది, రక్తం పట్టింది.

మా పెదనాన్న ఇరవై రెండో ఏట సంగ్రహణితో పోయినది 1943లో, నేను పుట్టకముందే. మా నాయనమ్మ ఆయన మజ్జిగ తాగిన కంచు గ్లాసును చివరిదాకా ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. రెండేళ్ళ తేడా!

ఈ ఆమ్లం పేగుకు ఎందుకంత ముఖ్యం? పేగు లోపలి పొర కణాలు కొద్ది రోజులకొకసారి రాలిపోయి కొత్తవి పుడుతూంటాయి. కొత్త కణానికి ఫోలిక్ ఆమ్లం కావాలి. పేగు పాడైతే ఆమ్లం ఒంటికి ఎక్కదు, ఆమ్లం ఎక్కకపోతే పేగు బాగుపడదు. ఈ చిక్కుముడిని విప్పినది ఆ పసుపుపచ్చ బిళ్ళ. దానికి జంటగా టెట్రాసైక్లిన్ కూడా ఇవ్వాలని తర్వాత తేలింది. ఆ కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్ కూడా సుబ్బారావు గారి విభాగం నుంచే 1948లో వచ్చింది. మట్టిలో దాని మూలాన్ని పట్టినది డగ్గర్ గారు. విశ్వవిద్యాలయం వారు వయసైపోయిందని రిటైర్ చేసిన వృక్షశాస్త్ర ప్రొఫెసర్! డెబ్బై దాటిన ఆయనకు లెడర్లీలో కొలువు దొరికింది. మన సంఘ సభ్యులు ఈ ముక్క గుర్తుంచుకోవాలి.

సంగ్రహణికి అసలు మూలం ఇప్పటికీ తేలలేదు. 1960 దశకంలో వెల్లూరు వైద్య కళాశాల వారు పల్లెలకు పల్లెలు ఒక్కసారి పడకేయడం చూసి అంటు అనుకున్నారు. వైరస్‌నూ అనుమానించారు గాని నిర్ధారణ కాలేదు.

ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే ఎమినోప్టెరిన్‌ను కూడా ఆయన బృందమే చేసింది. దానితో ఫార్బర్ అనే డాక్టరు రక్త కాన్సరు పిల్లల్లో కొందరికి తాత్కాలికంగానైనా జబ్బు తగ్గించి 1948లో ప్రకటించాడు. ఆ తరహా మందులు వాడినవారికి నోటిపూత, విరేచనాలు రావడం పరిపాటి. తిరగేసిన స్ప్రూ అనుకోండి. ఇక మన గోదావరి జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి పంచిన బోదకాలు బిళ్ళ, హెట్రజాన్, అదీ ఆయన విభాగానిదే.

సుబ్బారావు గారు 1948 ఆగస్టు 8 రాత్రి న్యూయార్క్ రాష్ట్రంలో నిద్రలోనే గుండె ఆగి కన్నుమూశారు. యాభై మూడేళ్ళు. భారత ప్రభుత్వం 1995లో తపాలా బిళ్ళ వేసింది.

ఒక సంగతి చెప్పి ముగిస్తాను. ఫోలిక్ ఆమ్లంతో మొదట ప్రాణాంతక రక్తహీనత కూడా మానుతుందని ఆశపడ్డారు. రక్తం బాగుపడింది గాని నరాలు దెబ్బతింటూనే పోయాయి. లోపించినది బి-12 అని, అది వేరే విటమిన్ అని 1948లో తేలింది. వయసు మళ్ళినవారిలో బి-12 లోపం ఎక్కువ గనుక, అది చూసుకోకుండా ఈ బిళ్ళ ఒక్కటే ఏళ్ళ తరబడి మింగడం మంచిది కాదు. నాకూ డాక్టరు గారు బి-12 పరీక్ష రాశారు. రిపోర్టు ఇంకా రావలసి ఉంది. మా ఆవిడ పెరట్లో తోటకూర మాత్రం ఈసారి ఎక్కువగానే వేసింది, వండేటప్పుడు ఉడికించిన నీళ్ళు పారబోయడం మానేసింది.