సూక్ష్మజీవుల సాయము: యల్లాప్రగడ సుబ్బారావు

1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి, శస్త్రచికిత్స ఆచార్యుని ఆగ్రహమునకు గురియైరి. ఎం.బి.బి.యస్. పట్టమునకు బదులు అంతకు తక్కువదగు యల్.యం.యస్. మాత్రమే దక్కెను. అంతకన్న పెద్ద గాయము ఇంటిలో తగిలెను. స్ప్రూ అను గ్రహణి జాతి వ్యాధి ఆయన సోదరుల నిరువురను కొలదిదినముల తేడాలో బలిగొనెను.

1923లో అమెరికా చేరి, హార్వర్డులో చదువుచు, ఆసుపత్రిలో రాత్రులు కూలిపని చేసిరి. 1940లో లెడర్లీ పరిశోధనాలయమున ప్రవేశించిరి. 1945 నాటికి అచట ఆయన బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. ఆకుకూరలలో నుండు ఈ విటమిను స్ప్రూ రోగి నెత్తురును కోలుకొనజేయును. దాని జాడ పట్టి యిచ్చినది, విచిత్రముగా, ఒక బాక్టీరియా! పాల పదార్థములలో నివసించు ఆ జీవి ఈ విటమిను లేనిచో పెరగదు. కనుక దాని పెరుగుదలయే కొలమానమయ్యెను. సోదరులకు మాత్రము ఆ మందు రెండు దశాబ్దములకు పైగా ఆలస్యమయ్యెను.

ఆ సంస్థలోనే పనిచేసిన బెంజమిన్ డగ్గర్ వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు. పొగాకు ఆకులపై మచ్చలు పుట్టించు వైరస్‌ను శోధించినవాడు. 1945లో మిస్సోరి మట్టినుండి బంగారు వన్నె జీవి నొకదానిని వేరుచేసెను. చూపునకు బూజు, నిజమునకు అదియు బాక్టీరియాయే. దానినుండి లభించిన ఆరియోమైసిన్ ఇతర బాక్టీరియాలలో మాంసకృత్తుల నిర్మాణము నడ్డగించును. జలుబు వైరస్‌పై పనిచేయదు. వైరస్‌కు మాంసకృత్తులను నిర్మించు యంత్రాంగమే లేదు కదా! తాను ఆశ్రయించిన కణమునుండి అరువు తెచ్చుకొనును.

1948లో ఆరియోమైసిన్ లోకమునకు వెల్లడియైన కొలదివారములకే, 53 ఏండ్ల ప్రాయమున, సుబ్బారావుగారు కన్నుమూసిరి. 1953లో ఒక శిలీంధ్రమునకు సుబ్బారోమైసిస్ స్ప్లెండెన్స్ అని ఆయన పేరు పెట్టిరి.