చప్పట్లు లేని సంగీత సభ

1918వ సంవత్సరము నవంబరు మాసమున మొదటి ప్రపంచ యుద్ధము ముగిసెను. ఆస్ట్రియా సామ్రాజ్యము ముక్కలయ్యెను. వియన్నా నగరమున రొట్టెకును బొగ్గుకును కరవు, ఎదుట చలికాలము. ఆ నెలలోనే, ఆ నగరముననే, 44 ఏండ్ల సంగీతకర్త యొకడు తన శిష్యులను కూర్చుకొని యొక వింత సభను స్థాపించెను. ఆ సభలో చప్పట్లు కొట్టరాదు. ఈలలు వేయరాదు. ఆనాడు ఏమి వినిపింపబోవుచున్నారో ముందుగా ప్రకటింపరు. పత్రికా విమర్శకులకు ప్రవేశము లేదు. సభ్యత్వపు చీటీ చూపినవారినే లోనికి విడుతురు. ఇట్టి సభకు ఎవరు వత్తురని మనకు సందేహము కలుగును. కాని వచ్చిరి, మూడేండ్లపాటు వచ్చుచునే యుండిరి. ఆ సంగీతకర్త పేరు ఆర్నాల్డ్ షోన్‌బెర్గ్.

షోన్‌బెర్గ్ పేరు చెప్పగానే చరిత్రకారులు సామాన్యముగా ఆయన తెచ్చిన స్వరవిప్లవమును వర్ణింతురు. అది న్యాయమే. కాని ఇతరులు రచించిన క్రొత్త సంగీతమును పదిమందికి శ్రద్ధగా వినిపింపవలెనని ఆయన పడిన శ్రమ ఆ విప్లవమునకు తీసిపోవునది కాదని నా అభిప్రాయము. అట్టి సభ ఏల అవసరమయ్యెనో తెలియవలెనన్నచో ఆయన పూర్వజీవితమును కొంత చూడవలెను.

ఆర్నాల్డ్ 1874 సెప్టెంబరు 13వ తేదీన వియన్నాలో ఒక యూదు కుటుంబమున జన్మించెను. తండ్రి జోళ్ళ వర్తకుడు, సంపన్నుడు కాడు. ఎనిమిదవ యేట వయొలిన్ చేతబట్టిన బాలుడు, తాను నేర్చిన రచనల ననుకరించుచు తానే చిన్న చిన్న కృతులు వ్రాయ నారంభించెను. సెల్లో అను పెద్ద తంత్రీవాద్యమును గురువు లేకయే అభ్యసించెను. పదునైదవ యేట తండ్రి మరణించెను. కొలదికాలమునకే చదువు మాని యొక బ్యాంకులో గుమాస్తాగా చేరవలసి వచ్చెను. సొనాటా అను ప్రక్రియ యొక్క లక్షణమును బోధించువారు లేకుండిరి. ఇంటికి వాయిదాల మీద వచ్చుచుండిన విజ్ఞాన సర్వస్వములో ఎస్ అక్షరపు సంపుటము ఎప్పుడు వచ్చునా యని ఎదురుచూచి, అది రాగానే చదివి, ఆ ఆధారముతోనే రచనకు పూనుకొనెను. ఏకలవ్యునికి మట్టిబొమ్మ యైనను ఉండెను. ఈ బాలునికి ఆ సంపుటమే గురువు.

ఔత్సాహికుల వాద్యబృంద మొకదానిలో సెల్లో వాయించుచుండగా అలెగ్జాండర్ జెమ్లిన్‌స్కీ అను యువ సంగీతజ్ఞునితో స్నేహము కుదిరెను. ఆయన చెప్పిన కొలది పాఠములే షోన్‌బెర్గ్‌కు లభించిన గురుశిక్షణ. 1895లో బ్యాంకు ఉద్యోగము వదలెను. 1899లో ఆరు తంత్రీవాద్యములకు, రూపాంతరము చెందిన రాత్రి అను అర్థము గల కృతిని రచించెను. వియన్నాలోని సంగీత సంఘ మొకటి దానిని తిరస్కరించెను. అందలి స్వరసమ్మేళన మొకటి శాస్త్రగ్రంథముల పట్టికలో లేదట! ఆ కృతి నేడు లోకమంతట ఆదరమున వాయింపబడుచున్నది. 1901లో జెమ్లిన్‌స్కీ సోదరి మటిల్డాను వివాహమాడెను. కొంతకాలము బెర్లిన్‌లో గడపి 1903లో వియన్నాకు మరలి వచ్చి పాఠములు చెప్పి జీవింప నారంభించెను. 1904లో ఆంటన్ వేబెర్న్, ఆల్బన్ బెర్గ్ అను యువకు లిరువురు శిష్యులైరి. బెర్గ్ రుసుము చెల్లింపలేని స్థితిలో నుండగా మొదట ఉచితముగనే చెప్పెను. ఇరువురును తరువాత గురువంతటి వారైరి.

ఇక ఆయన చేసిన సాహసము. ఐరోపా సంగీతమున, మన షడ్జము వలె, కృతికి ఆశ్రయమైన స్వర మొకటి యుండును. పాట ఎచట తిరిగినను తుదకు ఆ యింటికే చేరును. ఒకేసారి పలుకు స్వరముల కూడికలలో కొన్ని ఇంపుగను, కొన్ని కర్కశముగను తోచును. కర్కశమైనది వచ్చినచో దాని వెంట ఇంపైనది వచ్చి చెవికి విశ్రాంతి నీయవలెనని శతాబ్దముల ఆచారము. వాగ్నర్ మొదలైనవారు ఆ విశ్రాంతిని మిక్కిలి ఆలస్యము చేసిరి. షోన్‌బెర్గ్ 1908, 1909 సంవత్సరములలో ఇంటిని, విశ్రాంతిని రెంటిని విడిచిపెట్టెను. తంబురా శ్రుతిని క్షణమైనను వీడని మనకు ఇది ఊహించుటయే కష్టము. ఆనాటి వియన్నా వారికిని అట్లే నేల లేని యింటిలో నడచినట్లు తోచెను.

ఆ 1908వ సంవత్సరముననే భార్య ఒక యువ చిత్రకారునితో వెడలిపోయి, మరల ఇల్లు చేరెను. ఆ చిత్రకారుడు ఆత్మహత్య చేసికొనెను. డిసెంబరు 21వ తేదీన షోన్‌బెర్గ్ రెండవ క్వార్టెట్‌ను సభలో వాయింపగా శ్రోతలు నవ్విరి, కేకలు వేసిరి. మహా సంగీతకర్త గుస్తావ్ మాలర్ ఆయనకు అండగా నిలిచియుండెను. కాని 1911లో మాలర్ గతించెను. అదే సంవత్సరమున వెలువడిన తన స్వరమేళన శాస్త్రగ్రంథమును షోన్‌బెర్గ్ ఆ మహనీయుని స్మృతికి అంకితము చేసెను.

1913వ సంవత్సరమున జరిగిన రెండు సంఘటనలు చెప్పదగినవి. ఫిబ్రవరి 23వ తేదీన ఆయన పూర్వశైలిలో రచించిన గుర్రెలీడర్ అను బృహత్కృతిని వియన్నాలో ప్రదర్శించిరి. శ్రోతలు హర్షధ్వానములతో సభను దద్దరిల్లజేసిరి. షోన్‌బెర్గ్ వేదిక నెక్కి, గాయకులకును వాద్యకులకును మాత్రము వంగి నమస్కరించి, శ్రోతలకు వీపు చూపెను. ఇన్నేండ్లు తన్ను హేళన చేసినవారి చప్పట్లు ఆయనకు అక్కరలేకుండెను. రెండవది మార్చి 31వ తేదీ కచేరి. వేబెర్న్, జెమ్లిన్‌స్కీ, బెర్గ్‌ల రచనలును, తన చిన్న వాద్యబృందపు సింఫనీయు నాడు షోన్‌బెర్గ్ నడిపించెను. బెర్గ్ పాటలు వచ్చుసరికి సభలో వాదులాట ముదిరి చేయిచేసికొనుట వరకు పోయెను. పోలీసులు రావలసి వచ్చెను. చివర పాడవలసిన మాలర్ పాటలు పాడకయే సభ చెదరిపోయెను. బిడ్డల మరణమునకు విలపించు తండ్రి పాటలవి. వానికి ఆనాడు చోటు లేకపోయెను.

ఈ గందరగోళమునకు కారణమేమి? సంగీతము క్రొత్తదగుట ఒక్కటే కాదని షోన్‌బెర్గ్ గ్రహించెను. కష్టమైన కృతిని చాలినంత సాధన లేకయే వాయింతురు. అది తప్పులతో వినబడును. ఒక్కసారి విని ఊరకుందురు. రెండవసారి వినుటకు అవకాశమే లేదు. వచ్చినవారిలో సగము మంది వినుటకు గాక, మెచ్చుటకో తెగడుటకో ముందే సిద్ధపడి వత్తురు. మరునాడు పత్రికలో విమర్శకుడు తీర్పు చెప్పును. వీనిలో ఏ యొక్కటియు పాటకు సంబంధించినది కాదు. 1918 జూన్‌లో ఆయన ఒక ప్రయోగము చేసెను. తన చిన్న సింఫనీకి పది సాధనలు జరిపి, ఆ పదింటికిని శ్రోతలను రానిచ్చెను. వాద్యకులు ఎట్లు తడబడి, ఎట్లు దిద్దుకొనుచున్నారో విన్నవారికి కృతి తానే విడివడెను. పాఠమును పలుమారులు చదివించిన ఉపాధ్యాయులకు ఇది వింత కాదు.

ఆ యనుభవమే ప్రైవేటు సంగీత ప్రదర్శనల సంఘముగా రూపొందెను. దాని నియమములను వివరించు పత్రమును 1919 ఫిబ్రవరిలో బెర్గ్ వ్రాసెను. కృతిని స్పష్టముగ పలికించువరకు సాధన చేయవలెను. దానిని మరల మరల వినిపింపవలెను. ప్రచారము, స్పర్ధ, మెప్పు, దూషణము వీని నీడ పడనీయరాదు. కార్యక్రమమును ముందుగా చెప్పకుండుటకును కారణము కలదు: చెప్పినచో తమకు నచ్చినదే వినుటకు వచ్చి, తక్కిననాడు మానివేయుదురు. వాయించువారిలో పెక్కండ్రు యువకులు. పియానో వాద్యకుడు ఎడ్వర్డ్ స్టాయర్‌మన్, వయొలిన్ వాద్యకుడు రుడాల్ఫ్ కోలిష్ అట్టివారు.

1918 డిసెంబరు 29వ తేదీన మొదటి సభ జరిగెను. రష్యా దేశీయుడగు స్క్రియాబిన్, ఫ్రాన్సు దేశీయుడగు డిబుస్సీ, తమవాడగు మాలర్ల రచనలు నాడు వినిపించిరి. యుద్ధము ముగిసి రెండు నెలలైనను కాలేదు. ఓడిపోయి, ఆకలితో నున్న నగరమున, నిన్నటి శత్రుదేశముల సంగీతమును మౌనముగ కూర్చుండి వినినవారిని తలచుకొన్నచో గౌరవము కలుగకుండునా? తరువాత రేగర్, రేవెల్, బార్టోక్, స్ట్రావిన్‌స్కీ మున్నగువారి కృతులును వచ్చెను. షోన్‌బెర్గ్ శైలికిని రేగర్, రేవెల్ శైలులకును పొత్తు లేదు, అయినను వాయించిరి. మొదటి రెండేండ్లు తన రచన నొక్కదానినైనను ఆయన వాయింపనీయలేదు. సొంత పాటల ప్రచారమునకై సభలు పెట్టువారిని మన మెరుగుదుము గనుక ఈ సంయమమును ప్రత్యేకముగా పేర్కొనవలెను. 1919 ఫిబ్రవరి మొదలు 1921 డిసెంబరు వరకు 117 సభలలో 154 కృతులను 353 మారులు వినిపించిరి. అనగా సగటున ఒక్కొక్క కృతిని రెండు మారులకు మించి వినిరి.

పెద్ద వాద్యబృందమును పోషించుటకు ధనము లేదు. అందుచేత నూరుగురు వాయింపవలసిన సింఫనీలను పియానోకో, కొద్దిపాటి తంత్రీవాద్యములతో పాటు హార్మోనియమునకో కుదించిరి. మన పద్యనాటకములలో కాలితో త్రొక్కి వాయించు హార్మోనియము వంటిదే అది; పిల్లనగ్రోవుల పనిని, బూరల పనిని కూడ అదియే చేసెను. పేదరికము వలన వచ్చిన ఈ ఏర్పాటున ఒక లాభము కలిగెను. వాద్యముల వన్నె తొలగగా కృతి యొక్క ఎముకల గూడు కనబడెను. 1921 మే 27వ తేదీన సంఘమునకు ధనము కూర్చుటకై ఒక వినోద సభ జరిపిరి. వియన్నా వారి ముద్దుల జోహాన్ స్ట్రాస్ వాల్ట్జు నాట్యగీతములను షోన్‌బెర్గ్, బెర్గ్, వేబెర్న్ ముగ్గురును చిన్న బృందమునకు కుదించి వ్రాసిరి. గురువు వయొలిన్, వేబెర్న్ సెల్లో, బెర్గ్ హార్మోనియము వాయించిరి. పిమ్మట ఆ వ్రాతప్రతులను వేలము వేసిరి! ఐనను ఆ సొమ్ము చాలలేదు. ఆస్ట్రియా నాణెము విలువ నానాటికి పడిపోయెను. 1921 డిసెంబరులో వియన్నా సంఘము ఆగిపోయెను. ప్రాగ్ నగరమున దాని శాఖ మాత్రము 1922 నుండి 1924 వరకు నడచెను.

ఈ సభపై ఆక్షేపణ లేకపోలేదు. సర్వాధికారము అధ్యక్షునిదే. మెచ్చుటకు హక్కు లేనిచోట కాదనుటకును హక్కు లేదు గదా? తలుపులు మూసికొని వినిన సంగీతము నగరమునకు మరింత దూరమయ్యెనని కొంద రందురు. ఈ మాట త్రోసిపుచ్చదగినది కాదు; షోన్‌బెర్గ్ స్వభావమున నిరంకుశత్వ మెంతో కొంత యుండెను. కాని తలుపులు తెరచియుంచిన 1913 నాటి సభలో మాలర్ పాటలు ఎవరికిని వినబడలేదని మరువరాదు.

సంఘము ముగియుచున్న దినములలోనే ఆయన క్రొత్త రచనా పద్ధతిని కనుగొనెను. స్థాయికి స్వరస్థానములు పండ్రెండని మన సంగీత విద్యార్థులకు తెలియును. ఆ పండ్రెండింటిని ఒక వరుసలో నిలిపి, ఏ స్వరమును రాజు గాకుండ, ఆ వరుసను ముందునకు, వెనుకకు, తలక్రిందుగ త్రిప్పుచు కృతి నంతయు నల్లుట ఆ పద్ధతి సారము. 1923లో మటిల్డా మరణించెను. మరుసటి యేట కోలిష్ సోదరి గెర్ట్రూడ్‌ను పెండ్లాడెను. 1925లో బెర్లిన్‌లోని ప్రష్యన్ కళా అకాడమీలో ఆచార్య పదవి లభించెను. 1933లో హిట్లర్ అధికారమునకు రాగా, యూదు డగుటచే ఆ పదవి పోయెను. యౌవనమున క్రైస్తవము స్వీకరించియున్న షోన్‌బెర్గ్, ఆ జులైలో పారిస్ నగరమున మరల యూదు మతమును చేరి, అక్టోబరులో అమెరికాకు పయనమయ్యెను.

తరువాతి జీవితమున చాల భాగము లాస్ ఏంజలస్‌లో పాఠములు చెప్పుటతోనే గడచెను. జాన్ కేజ్ అచట ఆయన వద్ద చదివెను. జాజ్ బాణీలకు ప్రసిద్ధుడైన జార్జి గెర్ష్విన్ ఆయనతో టెన్నిసు ఆడి, ఆయన చిత్తరువును గీసెను. 1944లో డెబ్బదియేండ్లు నిండగా విశ్వవిద్యాలయము ఆయనకు విశ్రాంతి నిచ్చెను. ఎనిమిదేండ్ల కొలువునకు వచ్చిన పింఛను స్వల్పము, ఇంట ముగ్గురు చిన్నబిడ్డలు. మోజెస్, ఆరన్‌ల కథగా రచించుచుండిన సంగీత నాటకమును పూర్తిచేయుటకై 1945లో ఒక ధర్మనిధిని సాయ మడుగగా నిరాకరించిరి. ఆ నాటకము మూడవ అంకము సంగీతము లేకయే మిగిలిపోయెను. పదుమూడవ సంఖ్య అనిన ఆయనకు భయము. నాటకపు పేరున అక్షరములు పదుమూడగుచున్నవని ఆరన్ పేరులో ఒక అక్షరము తీసివేసెను.

1947లో, వార్సా నుండి బ్రతికి బయటపడినవాని కథగా ఏడు నిమిషముల కృతి నొకటి వ్రాసెను. నాజీల చేతిలో చావునకు నడచుచున్న యూదులు ఒక్కసారిగ తమ ప్రాచీన ప్రార్థనను ఎత్తుకొనుటతో అది ముగియును. 1948 నవంబరు 4వ తేదీన న్యూ మెక్సికో రాష్ట్రమున ఆల్బుకర్క్ అను ఊరిలో దానిని మొదటిసారి ప్రదర్శించిరి. నడిపించినవాడు వియన్నా నుండి వలసపోయిన కుర్ట్ ఫ్రెడరిక్. వేయిమందికి పైగా వచ్చిన సభలో కృతి ముగిసిన పిదప ఒక్క చప్పుడు లేదు. ఫ్రెడరిక్ కొంత తడవు నిలిచి, కృతిని మొదటి నుండి మరల వాయించెను. అప్పుడు శ్రోతలు చప్పట్లు కొట్టిరి.

షోన్‌బెర్గ్ 1951 జులై 13వ తేదీ శుక్రవారము రాత్రి లాస్ ఏంజలస్‌లో కన్నుమూసెను. 1974లో, ఆయన శతజయంతి సంవత్సరమున, అస్థులను వియన్నాకు కొనిపోయి అచటి ప్రధాన శ్మశానమున నిక్షేపించిరి. ఆయన వ్రాతప్రతులును, గ్రంథములును 1998లో అదే నగరమునకు చేరెను; నేడు చదువగోరిన వారికి అచటి షోన్‌బెర్గ్ కేంద్రమున అవి లభించును.