పర్లాకిమిడి పంతులు శ్రీ గిడుగు రామమూర్తి గారు

మన జిల్లా నేలలో పుట్టి తెలుగువారి చదువునంతటినీ ఒక మలుపు తిప్పిన మహనీయులు శ్రీ గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారు. ఏటా ఆగస్టు 29వ తేదీన తెలుగు భాషా దినోత్సవం పేరిట పాఠశాలల్లో వారి పటానికి పూలమాల వేస్తున్నాము. వాడుక భాష కోసం పోరాడారని పిల్లలకు ఒక ముక్క చెప్పి ముగిస్తున్నాము. ఆ పోరాటం ఎక్కడ గెలిచింది, ఎక్కడ ఓడింది, ఆయన ఎలా నేర్చుకొని ఎలా నేర్పారు అనే సంగతి చెప్పేవారు తక్కువ. ఆయన మన మతస్థులు కారు. అయినా మన సంఘాల్లో ఉపాధ్యాయులు, సండే స్కూలు నడిపేవారు, ఏదో ఒక సంస్థ బరువు భుజాన వేసుకొన్నవారు అనేకులు ఉన్నారు. ఒక పాత వ్యవస్థ మారవలసి వచ్చినప్పుడు దాని ముందు నిలబడిన బడిపంతులు జీవితం వారికి పనికివస్తుందనే ఉద్దేశంతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

రామమూర్తి గారు 1863 ఆగస్టు 29న ముఖలింగ క్షేత్రానికి దగ్గరలో, వంశధార ఒడ్డున ఉన్న పర్వతాలపేటలో జన్మించారు. అప్పటికి అది గంజాం జిల్లా. తండ్రి వీర్రాజు గారు రెవిన్యూ ఉద్యోగి. చోడవరం బదిలీ అయి అక్కడే 1875లో జ్వరంతో మరణించారు. కుర్రవానికి అప్పటికి పన్నెండేళ్లు. విజయనగరం మహారాజావారి పాఠశాలలో చదువు సాగింది. గురజాడ అప్పారావు గారు అక్కడ ఆయన సహాధ్యాయి. 1879లో మెట్రిక్యులేషన్ ప్యాసయ్యారు. మరుసటి ఏడు, పదిహేడేళ్లు నిండకముందో నిండగానో, పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నెలకు ముప్పై రూపాయల జీతం మీద ఉపాధ్యాయులుగా చేరారు.

ఆయన చెప్పిన పాఠం చరిత్ర. తెలుగు పండితుడుగా ఆయన ఎన్నడూ ఉద్యోగం చేయలేదు. ఈ మాట గుర్తుంచుకోవాలి. తరువాతి కాలంలో పండితులు ఆయనను తమ ఇంటిలోకి చొరబడిన పరాయివానిలాగే చూశారు.

పర్లాకిమిడి మనకు దూరం కాదు. టెక్కలి, పాతపట్నం వైపుల వారికి అది పొరుగు పట్టణం. నౌపడా నుంచి టెక్కలి మీదుగా పర్లాకిమిడికి రాజావారు వేయించిన చిన్న రైలు 1900లో నడవడం ఆరంభించింది. అంతకు పూర్వం ఇరవై ఏళ్లూ పంతులు గారికి బండిబాటే గతి. ఆ ఇరవై ఏళ్లలో ఆయన ఊరకే కూర్చోలేదు. ఉద్యోగం చేసుకొంటూనే ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఏ., ఆ తరువాత బి.ఏ. పూర్తిచేశారు. ముఖలింగం గుడి గోడల మీది శాసనాలు చదవడానికి నేర్పేవారు లేకపోతే తనకు తానే ఆ పాత లిపులు నేర్చుకొన్నారు. కళింగరాజుల రాజధాని కళింగనగరం ఈ ముఖలింగమేనని వాదించి రాశారు. నడగాం తామ్రశాసనాన్ని ఎపిగ్రాఫియా ఇండికాలో ప్రకటించారు. రాళ్ల మీద, రాగిరేకుల మీద తెలుగు నూరేళ్లకొక తీరుగా మారుతూ రావడం ఆయన కళ్లతో చూశారు. భాష మారదనే వాదన ఆయన దగ్గర చెల్లకపోవడానికి మూలం ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

ఇక సవరల సంగతి. పర్లాకిమిడి వెనుక కొండల మీద ఉండే సవరలు సంతకు దిగివచ్చినప్పుడు వర్తకులకూ వారికీ నడుమ మాట సాగేది కాదు. తెలుగు రాకపోవడం, లెక్క తెలియకపోవడం వారికి నష్టం. వారికి చదువు చెప్పాలని పంతులు గారికి తోచింది. మనలో ఎవరికైనా ఇలాంటి ఆలోచన వస్తే ముందుగా ఏం చేస్తాము? నాలుగు తెలుగు వాచకాలు పట్టుకొని కొండెక్కుతాము. ఆయన అలా చేయలేదు. తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక మనిషిని తన ఇంట్లోనే ఉంచుకొని ఆయన దగ్గర తాను విద్యార్థి అయ్యారు. ఆ కాలపు బ్రాహ్మణ గృహస్థు ఆ మనిషి ఎదుట శిష్యుడుగా కూర్చోవడం చిన్న విషయం కాదు.

సవర భాష తెలుగుకు చుట్టం కాదు. అది ముండా భాషల కుటుంబంలోనిది. దానిలో గొంతు బిగపట్టి పలికే ధ్వనులు మన అక్షరాలకు లొంగవు. వ్యాకరణ పుస్తకమూ లేదు, నిఘంటువూ లేదు. చెవితో విని, నోటితో పలికి, తప్పు పలికితే దిద్దించుకొని మళ్లీ పలకడమే పద్ధతి. ఏళ్ల తరబడి అలా నేర్చుకొన్నారు. ఆ భాషలో పుస్తకాలు రాశారు. సొంత డబ్బుతో సవర పిల్లలకు బడులు పెట్టి, ఉపాధ్యాయులకు తన జేబులోంచి జీతాలిచ్చి, వారి భాషలోనే చదువు చెప్పించారు. ప్రభుత్వం 1913లో బిరుదు ఇచ్చి గౌరవించింది. 1931లో సవర వ్యాకరణాన్నీ 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువునూ మద్రాసు ప్రభుత్వమే అచ్చువేసింది. మొదలుపెట్టిన నాటి నుంచి లెక్కవేస్తే ముప్పై అయిదేళ్లకు పైబడిన శ్రమ. పెంతెకొస్తు దినాన ప్రతివారూ తమ తమ భాషలో విన్నారని మనం ఎన్నిసార్లు చదువుకొన్నామో! అలా వినిపించడానికి ఒక మనిషి ఎంత నేర్చుకోవాలో పంతులు గారి జీవితం చెబుతుంది.

దానికి ఆయన చెల్లించిన మూల్యమూ ఉంది. కొండల్లో తిరిగి చలిజ్వరాలు తెచ్చుకొని, క్వినైను వాడి వాడి చెవులు పోగొట్టుకొన్నారు. వినికిడి మీదనే ఆధారపడిన పనికి వినికిడినే అర్పించినట్లయింది.

సవర పిల్లవానికి సవరలో చదువు చెప్పాలని నమ్మిన మనిషికి, తెలుగు పిల్లవానికి తెలుగులో చదువు లేదన్న సంగతి కనపడకుండా ఉంటుందా? ఆనాటి బడుల తీరు ఈ తరానికి తెలియదు గనుక కొంచెం వివరిస్తాను. పరవస్తు చిన్నయసూరి గారు 1853లో నీతిచంద్రిక, 1858లో బాలవ్యాకరణం ప్రకటించారు. బడి తెలుగుకు అవే కొలబద్దలయ్యాయి. పిల్లవాడు తన సొంత సంగతి రాసినా అరసున్నలు ఎక్కడ పెట్టాలో, బండి ర ఎక్కడ రావాలో, ద్రుతం మీద పరుషం సరళం ఎలా అవుతుందో చూసుకొని రాయాలి. ఒక్కటి తప్పితే మార్కులు పోయేవి. పండితులు పాఠాన్ని నోటితో వివరించేది వాడుక భాషలో, ఇంటికి ఉత్తరం రాసుకొనేది వాడుక భాషలో. పిల్లవానికి మాత్రం ఆ మాటలు తప్పు. మన ఉద్దానం గుంటడు ‘ఏటి’ అని అడిగితే వాని నోరు మూసుకుపోయే చదువు అది.

1907లో జె.ఏ. యేట్స్ అనే ఇంగ్లీషు దొర ఉత్తర జిల్లాలకు పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చారు. జనం మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకాల తెలుగు ఒకటి కావడం ఏమిటని ఆయనకు సందేహం కలిగింది. విశాఖపట్నం ఏ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగితే, ఆయన గిడుగు, గురజాడ గార్ల పేర్లు చెప్పారు. ఈ నలుగురి కలయికతో విద్యాశాఖలో కదలిక పుట్టింది. 1911లో రామమూర్తి గారు ముప్పై ఏళ్ల ఉద్యోగం నుంచి విరమించి పూర్తి కాలం ఈ పనిలో దిగారు. 1912-13 నాటికి స్కూలు ఫైనలు పరీక్షలో వ్యాసాన్ని పాత భాషలో గాని, ఆధునిక భాషలో గాని రాయవచ్చునని ఉత్తర్వు వచ్చింది.

పైనుంచి ఒక ఉత్తర్వు రాగానే పని అయిపోయిందని అనుకొంటాము. అక్కడే తిరగబడింది. బడుల్లో ఉన్న వందలాది ఉపాధ్యాయులకు ఆధునిక భాష అంటే ఏమిటో, దానిలో తప్పొప్పులు ఎలా దిద్దాలో ఎవరూ నేర్పలేదు. తాము జీవితమంతా కష్టపడి సంపాదించిన విద్య ఒక్క కాగితంతో విలువ లేనిది అవుతుందేమోనన్న భయం పండితులకు పట్టుకొంది. ఆ భయాన్ని నేను తేలికగా తీసివేయలేను. వారి బ్రతుకు దాని మీదనే ఉంది. జయంతి రామయ్య పంతులు గారి నాయకత్వాన ఆంధ్ర సాహిత్య పరిషత్తు గట్టిగా ఎదురునిలిచింది. మద్రాసు విశ్వవిద్యాలయం వేసిన సంఘంలోనూ పాత భాష పక్షమే నెగ్గింది. గురజాడ వారు 1914లో తమ అసమ్మతిని విడిగా రాసి ఇచ్చారు. బడుల ఉత్తర్వు కూడా రెండు మూడేళ్లలోనే వెనక్కు పోయింది. 1915 నవంబరు 30న గురజాడ కన్నుమూశారు. రామమూర్తి గారికి అప్పుడు యాభై రెండేళ్లు. చెవులు సరిగా వినపడవు. బాల్యమిత్రుడు లేడు. ప్రభుత్వం అండ లేదు.

ఆయన నిజమైన నాయకత్వం ఇక్కడి నుంచే ఆరంభమైందని నాకనిపిస్తుంది. మళ్లీ ఉత్తర్వు కోసం అధికారుల గుమ్మాలు పట్టుకొని కూర్చోలేదు. ఊరూరా తిరిగి మనుషులను ఒక్కొక్కరినే ఒప్పించడానికి పూనుకొన్నారు. అందుకు ముందు చేసిన పని మళ్లీ చదువే. హెన్రీ స్వీట్, యెస్పర్సన్ వంటి పాశ్చాత్య భాషావేత్తల గ్రంథాలు చదివారు. అంతకంటె ముఖ్యంగా, ప్రతిపక్షుల గ్రంథాలను వారికంటె శ్రద్ధగా చదివారు. ఫలానా పండితుడు ఫలానా పుటలో బాలవ్యాకరణ సూత్రాన్ని తానే తప్పాడని ఎత్తి చూపేవారు. ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం’ ఆ కోవలోని పుస్తకం. పండితులకే అలవికాని భాషను పదేళ్ల పిల్లల మీద రుద్దడం న్యాయమా అన్నదే దాని సారాంశం. ‘గద్య చింతామణి’లో పూర్వుల వాడుక వచనాన్ని పోగుచేసి, ఇది కొత్తగా పుట్టిన వింత కాదని చూపారు. 1919లో ‘తెలుగు’ అనే పత్రికను నడిపారు. 1925లో తణుకులో పరిషత్తు సభలోనే సుమారు నాలుగు గంటలసేపు గ్రంథాల్లోంచి ప్రయోగాలు చూపుతూ ప్రసంగించారు.

ఆయన నచ్చజెప్పిన వారిలో పెద్ద పేరు కందుకూరి వీరేశలింగం పంతులు గారిది. పాత భాషలో గ్రంథాలు గుట్టలుగా రాసిన వృద్ధుడు తన జీవితపు చివరి నెలల్లో, 1919 ఫిబ్రవరిలో, రాజమండ్రిలో పెట్టిన వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజానికి అధ్యక్షులయ్యారు. రామమూర్తి గారు కార్యదర్శి. పెద్దవానిని ముందు కూర్చోబెట్టి తాను కాగితాలు మోసే పని తీసుకొన్నారు. ఆ మే నెలలోనే వీరేశలింగం గారు గతించారు.

పంతులు గారిలో లోపాలు లేవని నేను చెప్పను. వాదంలో ఆయన దయ చూపేవారు కాదు. పేరు పెట్టి, పుట చెప్పి తప్పులు పట్టడం వల్ల నిజం బయటపడింది గాని, కొందరి మనసులు మరింత బిగుసుకొన్నాయి. నచ్చజెప్పవలసిన చోట నెగ్గడానికి చూసిన సందర్భాలు ఉన్నాయి. మరొక సంగతి. ఆయన కోరినది శిష్టులు మాట్లాడే వాడుక భాష. ప్రాచీన కావ్యాలు చదవవద్దని ఆయన ఎన్నడూ అనలేదు. పిల్లవాడు రాసేది మాత్రం బ్రతికి ఉన్న భాషలో ఉండాలన్నారు. అయితే ఆ శిష్టుల భాషలో మన కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు పల్లెల మాటకు ఇంకా చోటు దొరకలేదు. ‘ఏటి’ అనే గుంటడు ఇప్పటికీ క్లాసులో నవ్వులపాలు అవుతూనే ఉన్నాడు. సవరల విషయంలో పంతులు గారు నడచిన దారిని అంతదూరమూ నడిస్తే ఆ గుంటని దగ్గరకూ చేరవలసినదే.

చివరి రోజుల్లో ఆయనకు ఇంకొక దెబ్బ తగిలింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి పట్టణం అటు వెళ్లింది. టెక్కలి, పాతపట్నం ప్రాంతాలు ఇటు మద్రాసు రాష్ట్రంలో మిగిలాయి. అర్ధ శతాబ్దానికి పైగా కాపురమున్న ఊరిని డెబ్బై మూడో ఏట విడిచి ఆయన రాజమండ్రి చేరారు. కుమారుడు సీతాపతి గారు తండ్రి పనిలో తోడుగా నిలిచి, సవర భాషలోనూ తెలుగులోనూ ఆ కృషిని తరువాత కొనసాగించారు. 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదంతో సత్కరించింది. ఆ ఏడే సవర నిఘంటువు అచ్చులో వచ్చింది.

అప్పటికి వార్తాపత్రికలు, కథలు, నాటకాలు వాడుక భాషలోకి దిగుతున్నాయి. బడులూ విశ్వవిద్యాలయాలూ ఇంకా వెనుకబడే ఉన్నాయి. 1940 జనవరి 15న మద్రాసులో ప్రజామిత్ర పత్రికా కార్యాలయంలో ఆయన పత్రికల వారిని కూర్చోబెట్టుకొని, ఈ పని ఇక మీరు చూడాలని అప్పగించారు. సరిగ్గా వారానికి, జనవరి 22న, పరమపదించారు.