శబ్దాన్వేషి పియేర్ షెఫేర్

చెప్పిన పాఠమునే చెప్పు అధ్యాపకుని విద్యార్థులు చాటున 'అరిగిపోయిన రికార్డు' అందురని మేమెరుగుదుము. ముల్లు ఒకే గాడిలో చిక్కుకొని అదే ముక్కను మరల మరల పలుకుట లోకము దృష్టిలో దోషము. ఆ దోషమునందే నూతన సంగీతమునకు బీజమును చూచినవాడు పియేర్ షెఫేర్.

ఇతడు 1910 ఆగస్టు 14న ఫ్రాన్సు దేశమందలి నాన్సీ నగరమున జన్మించెను. తండ్రి వయొలిన్ వాద్యకారుడు, తల్లి గాయని. కుమారుడు మాత్రము ఇంజనీరింగు చదివి, 1936లో పారిస్ రేడియోలో చేరెను. జర్మను సైన్యము నగరమును ఆక్రమించియున్న 1942లో ఆ రేడియోలోనే ఒక ప్రయోగ స్టూడియోను నెలకొల్పెను. అది ప్రతిఘటనోద్యమమునకు ఆశ్రయమయ్యెను. 1944 ఆగస్టులో విముక్త పారిస్ తొలి ప్రసారములు అచ్చటి నుండియే వెలువడెను.

1948లో షెఫేర్ బాతిన్యోల్ రైల్వేస్టేషనుకు పోయి ఆవిరి ఇంజన్ల ఈలలను, చక్రముల చప్పుడును రికార్డు చేసి తెచ్చెను. అప్పటికి ఆతని చేత టేపు లేదు. లక్కపూత రికార్డులే సాధనములు. రికార్డుపై గాడిని, తన తోకను తానే పట్టుకొన్న పాము వలె మూసివేసినచో, క్షణకాలపు శబ్దము ఆగక తిరుగుచుండును. తిరిగిన కొలది చెవి రైలును మరచి నాదమునే వినసాగును. గంట మ్రోతలో తొలి దెబ్బను తొలగించి వినగా, అది గంట యని పోల్చుకొనుటయే కష్టమయ్యెను! అదే సంవత్సరము అక్టోబరు 5న ఈ ధ్వనుల కచేరి రేడియోలో ప్రసారమయ్యెను. దీనికి 'మ్యూజిక్ కాంక్రీత్' అని పేరిడెను. ఇందలి కాంక్రీటు సిమెంటు గాదు; లోకమున నిజముగా వినవచ్చు మూర్తధ్వనులని భావము.

1950లో పియేర్ ఆన్రీతో కలిసి ఏకాకి మానవుని సింఫనీని కూర్చెను. మరుసటి సంవత్సరము టేపురికార్డర్లతో కొత్త స్టూడియో ఏర్పడగా, బూలేజ్, స్టాక్‌హౌజెన్ వంటి యువ స్వరకర్తలు వచ్చి పనిచేసిరి. 1966లో ధ్వనిస్వరూపమును గూర్చి బృహద్గ్రంథమును ప్రకటించెను.

వార్ధక్యమున ఇతడు తన కృషి యంతయు విఫలమని తానే తీర్పు చెప్పుకొనెను. సప్తస్వరములకు వెలుపల సంగీతము లేదనియు, తాను వెదకినది దొరకలేదనియు ఆతని నిర్ణయము. ఈ తీర్పును మేమంగీకరింపజాలము. నేడు సినిమా పాటకై డోలు దరువు ముక్కను కోసి 'లూపు'గా త్రిప్పు సౌండు ఇంజనీరు, షెఫేర్ పేరు వినకున్నను, ఆ మూసిన గాడినే వాడుచున్నాడు. ఐనను తన జీవితమును ఇంత నిర్దయగా తూచుకొన్న ఆతని నిజాయితీకి మేము నమస్కరింతుము.

షెఫేర్ 1995 ఆగస్టు 19న మరణించెను. ఆ రైలు కృతి నిడివి సుమారు మూడు నిమిషములు.